బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

కాలేజీ మీడియా ల్యాబ్ బతికుందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లి, ‘‘కెమెరా ఒకసారి చూపిస్తారా?’’ అని అడుగుతాను. ఒక కాలేజీలో, పేరెందుకు గానీ, నన్ను తీసుకెళ్లి కెమెరా ఉన్న బీరువాను చూపించారు. తాళంచెవి ల్యాబ్ అసిస్టెంట్ దగ్గరుందట. ఆయన ఎలక్షన్ డ్యూటీకి పోయాడట. మర్నాడు బీరువా తెరుచుకుంది. కెమెరా తెర మీద అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. బ్యాటరీ మాత్రం పొట్ట ఉబ్బి, ఉన్న చోటు నుంచి బయటికి రానంటోంది. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసో, నిండా నింపో నెలల తరబడి వదిలేస్తే పాడవుతుంది. సగం ఛార్జితో చల్లని చోట పెట్టి, అప్పుడప్పుడూ తీసి చూడాలి. ఆ ముక్క తెలిసిన కుర్రాడు ఒకడు ఆ కాలేజీలో ఉండేవాడు. డిగ్రీ పూర్తయి వెళ్లిపోయాడు.

ఈ వ్యాసం ఆ వెళ్లిపోయిన కుర్రాడి గురించే. విద్యార్థులు నడిపే ల్యాబ్‌లో యంత్రాలు ఉండిపోతాయి, మనుషులు మూడేళ్లకోసారి మారిపోతారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి చోట్ల ఇలాంటి ల్యాబ్ పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ కెమెరా కొనాలన్నది కాదు, సీనియర్ చేతిలోంచి జూనియర్ చేతికి ఏమేం మారాలన్నది. అది తేలితే కెమెరా సంగతి సగం తేలినట్టే.

ముందు పేరు దగ్గర ఒక తికమక తీర్చుకుందాం. మీడియా ల్యాబ్ అన్న మాటకు ప్రపంచంలో గిరాకీ తెచ్చింది అమెరికాలోని ఎంఐటీ. అక్కడ 1985లో మొదలైన మీడియా ల్యాబ్ కొత్త యంత్రాలను, కొత్త పద్ధతులను కనిపెట్టే పరిశోధనశాల. మన డిగ్రీ కాలేజీకి కావాల్సింది వేరు. అది సైకిల్ షాపు లాంటిది. పనిముట్లు గోడకు వేలాడుతుంటాయి, చేతులకు మసి అంటుతుంది, పక్కవాడు పంక్చర్ వేస్తుంటే చూసి నేర్చుకుంటారు. మన దగ్గర దీనికి పాత నమూనా కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విద్యార్థులు ‘ఉస్మానియా కొరియర్’ అనే ప్రయోగ పత్రిక తెచ్చేవారు. వార్త తెచ్చేదీ, దిద్దేదీ, పేజీ పెట్టేదీ వాళ్లే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల ‘బోల్ హైదరాబాద్’ రేడియో 90.4 మీద వినిపిస్తుంది. కాగితం పోయి మైకు వచ్చింది, సూత్రం మాత్రం అదే.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. ఇక్కడి డిగ్రీ కాలేజీలు 2008లో కరీంనగర్‌లో ఏర్పడ్డ శాతవాహన విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007 నుంచి ఉంది. సిరిసిల్లకూ 2021లో జేఎన్టీయూ కాలేజీ వచ్చింది. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఈ జాబితా ఎందుకు చెప్తున్నానంటే, ల్యాబ్ అనగానే జర్నలిజం పిల్లలనే ఊహించుకుంటాం. కానీ పొదుగువాపు వచ్చిన బర్రెను తొలిరోజే ఎట్లా గుర్తుపట్టాలో మూడు నిమిషాల వీడియో తీయాల్సిన అవసరం పశువైద్య విద్యార్థికి ఉంది. మామిడి తోటలో మందు ఏ దశలో కొట్టాలో చూపించాల్సిన పని వ్యవసాయ విద్యార్థిది. టీవీ యాంకర్ కావాలనుకునే వాడికన్నా వీళ్లకే ల్యాబ్ ఎక్కువ అక్కర అని నా అభిప్రాయం.

ఈ చుట్టుపక్కల వీడియో అనగానే అందరికీ గుర్తొచ్చేది లంబాడిపల్లి. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని ఆ ఊళ్లో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ ఒక్క స్టూడియో గోడ కూడా కట్టకుండా లక్షల మందికి చేరింది. పొలం గట్టు, ఇంటి అరుగు, ఊరి బాట, ఇవే సెట్లు. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులోంచే 2019లో ‘మల్లేశం’ సినిమాలోకి, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లింది. ఆ విజయం చూశాక ఈ ప్రాంతంలో ప్రతి కాలేజీ టీముకూ మొదటి ఆలోచన ఒకటే: ఒక అవ్వను వెతుకుదాం, కామెడీ స్కిట్ తీద్దాం, ఛానెల్ పెడదాం. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. లంబాడిపల్లి టీము ఆ ఊరిదే. ఈ ఏడాది తీసినవాళ్లే వచ్చే ఏడాదీ తీస్తారు, గంగవ్వ ఇల్లు ఎక్కడికీ పోదు. కాలేజీ టీముకు ఆ వీలు లేదు. డిగ్రీ ప్రవేశాలు చూసే దోస్త్‌లో సీటు వచ్చి చేరిన పిల్లవాడికి ఎడిటింగ్ చేతికి వచ్చేసరికి రెండో ఏడాది సగమవుతుంది. మూడో ఏడాది చివర్లో హాల్ టికెట్టు, ఆ తర్వాత హైదరాబాద్ బస్సు. లంబాడిపల్లి నుంచి విద్యార్థులు తీసుకోవాల్సింది కామెడీ కాదు. అరుగు మీద కూర్చుని మాట రాసుకోవడం, ఉన్నదాంతోనే మొదలుపెట్టడం, ఆపకుండా తీస్తూ పోవడం.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. పిల్లలు తెచ్చే వీడియోల్లో నూటికి తొంభై పాడయ్యేది బొమ్మ వల్ల కాదు, శబ్దం వల్ల. సిరిసిల్ల కార్ఖానా కన్నా మంచి పాఠశాల దీనికి దొరకదు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక షెడ్డులో పదుల సాంచాలు ఒక్కసారిగా కొడుతుంటే చప్పుడు తొంభై డెసిబెల్స్ దాటిపోతుంది. కార్మికులు ఒకరితో ఒకరు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. మన పిల్లలు లోపలికి వెళ్లి, మీటరు దూరంలో ఫోన్ పట్టుకుని, ‘‘అన్నా, మీ కూలి ఎంత?’’ అని అడుగుతారు. అన్న గొంతు పెంచి చెప్తాడు. రికార్డయ్యేది మాత్రం సాంచా.

ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. శబ్దం పుట్టే చోటికి మైకు దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ దాదాపు ఆరు డెసిబెల్స్ లాభం. మీటరు దూరం నుంచి అర మీటరు, పావు మీటరు, అందులోనూ సగం, అంటే జానెడు కన్నా తక్కువ దూరంలో చొక్కా గుండీ దగ్గరికి మైకు తెస్తే మూడుసార్లు సగం చేసినట్టు. మొత్తం పద్దెనిమిది డెసిబెల్స్. మామూలు ఇంట్లో, రోడ్డు పక్కన ఇది స్వర్గం. వెయ్యి రూపాయల లోపు దొరికే తీగ మైకుతోనే అంత తేడా వస్తుంది. కానీ కార్ఖానాలో మనిషి గట్టిగా మాట్లాడితే మీటరు దూరంలో డెబ్బై అయిదు అనుకోండి, పద్దెనిమిది కలిపినా తొంభై మూడే. సాంచాల చప్పుడు తొంభై అయిదు ఉంటే మాట ఇంకా కిందనే ఉంది. అంటే ఇక్కడ ఖరీదైన మైకు కూడా గెలవదు. గెలిచే పద్ధతి వేరే: మనిషిని బయట చాయ్ హోటల్ దగ్గరో, కరెంటు పోయినప్పుడో, షిఫ్టు మారేటప్పుడో మాట్లాడించాలి. సాంచా చప్పుడును విడిగా ఒక పూర్తి నిమిషం, ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసుకోవాలి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పుడును మాట కింద పల్చగా పరిస్తే చూసేవాడికి కార్ఖానాలో ఉన్నట్టే ఉంటుంది, మాటా వినిపిస్తుంది. ఇంకో సంగతి, రికార్డు చేసేవాడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉండి తీరాలి. తెర మీద గీత కదులుతోంది కాబట్టి మాట వస్తోందనుకోవడం, పొయ్యి వెలుగుతోంది కాబట్టి అన్నం ఉడికిందనుకోవడం లాంటిదే.

అదే షెడ్డులో ఇంకో ఉచ్చు ఉంది, వెలుతురు. మన కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, దాంతో ట్యూబ్‌లైటు, చౌక ఎల్ఈడీ సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోన్లు చాలావరకు సెకనుకు ముప్పై ఫ్రేముల లెక్కలో వస్తాయి. అది అమెరికా కరెంటుకు సరిపడే లెక్క. అందుకే వీడియో మీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. ఫోన్‌లో ప్రో మోడ్‌కు వెళ్లి షట్టర్‌ను యాభయ్యో వంతుకో, వందో వంతుకో, ఫ్రేములను ఇరవై అయిదుకు మార్చితే పట్టీలు మాయం. రెండు నిమిషాల పని. కానీ ఈ రెండు నిమిషాల సంగతి గోడ మీద రాసి పెట్టకపోతే ప్రతి బ్యాచూ మొదటి వీడియోను తగలేసుకునే నేర్చుకుంటుంది.

సిరిసిల్లలో ఏం తీయాలన్న దాని మీద కూడా ఒక మాట. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు కథ రాష్ట్రమంతా తెలుసు. మగ్గం మీద జీ20 లోగో నేసి పంపిన వెల్ది హరిప్రసాద్ గురించి 2022 నవంబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాక కెమెరాలు అటే పోయాయి. అవి తీయొద్దని కాదు. అయితే వార్పిన్ వేసేవాళ్లు, వైపని చేసేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, నూలు అరువు తెచ్చి పది సాంచాలు నడిపే ఆసామి, వీళ్లను కూర్చోబెట్టి గంటసేపు వినే తీరిక టీవీ రిపోర్టర్‌కు ఉండదు. విద్యార్థికి ఉంటుంది. ఆ తీరికే విద్యార్థి ల్యాబ్‌కున్న ఆస్తి.

తెలుగు అక్షరాల దగ్గర కూడా కాసేపు ఆగాలి, ఎందుకంటే వీడియో కింద వచ్చే తెలుగు చూస్తే నాకు పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. మన ఊళ్లలో డీటీపీ షాపులన్నీ ఏళ్లుగా అను ఫాంట్లతో పనిచేశాయి. వాటిలో తెలుగు బొమ్మ ఉంటుంది గానీ లోపల ఇంగ్లీషు అక్షరాల గుర్తులే ఉంటాయి. అక్కడ టైపు చేసిన స్క్రిప్టును ఫోన్‌లోకి తెస్తే గజిబిజి. యూనికోడ్‌లో అట్లా కాదు. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్ నుంచే తెలుగు అక్షరాలకు తమవైన అంకెలు ఉన్నాయి. ఆ తెలుగు ఏ యంత్రంలో తెరిచినా తెలుగే, పదేళ్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. ల్యాబ్‌లో మొదటిరోజు నుంచే స్క్రిప్టు, సబ్‌టైటిల్, ఫైలు పేరు అన్నీ యూనికోడ్‌లో ఉండాలని ఒక నియమం పెట్టుకుంటే చాలు. మండలి, రామభద్ర, పొన్నాల, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ప్రీమియర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే ఫాంటును తిట్టొద్దు. సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోవాలి. అసలు ప్రీమియర్ దొంగ కాపీ వాడి వైరస్ తెచ్చుకునే కన్నా, పాత కంప్యూటర్ అయితే కేడెన్‌లైవ్, కాస్త బలమున్నదైతే డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్, శబ్దానికి ఆడాసిటీ, లైవ్‌కు ఓబీఎస్, ఇవి పైసా లేకుండా వస్తాయి.

లైవ్ అంటే గుర్తొచ్చింది. ఈ మూడు ఊళ్లలో లైవ్ బాగా తెలిసిన పంతుళ్లు విశ్వవిద్యాలయంలో లేరు, పెళ్లి వీడియో స్టూడియోల్లో ఉన్నారు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ప్రాంతం ఇది. దుబాయ్‌లో ఉన్న మేనమామ తలంబ్రాలు చూడాలంటే ఫంక్షన్ హాల్‌లో నెట్ ఆగకూడదు, జనరేటర్ మారేటప్పుడు మిక్సర్ రీస్టార్ట్ కాకూడదు. ఆ విద్య వాళ్ల చేతివేళ్లలో ఉంది. మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు, వాళ్లకు ఖాళీ. ఆ రోజుల్లో పిలిచి, శాలువా కప్పడం కాదు, గంటకింత అని ఇచ్చి నేర్పించుకుంటే ల్యాబ్‌కు రెండేళ్ల చదువు కలిసొస్తుంది. డిగ్రీ లేనివాడు కాలేజీలో పాఠం చెప్పడమేంటని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు, చిట్లించనివ్వండి.

తీసింది ఎక్కడ దాయాలన్నది ఎవరికీ రుచించని విషయం, కానీ ల్యాబ్‌ను నిలబెట్టేది అదే. మామూలు డిజిటల్ కెమెరాలో సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున ఫుల్ హెచ్‌డీ తీస్తే గంటకు 22.5 జీబీ అవుతుంది. ఫోర్‌కే అయితే ఇంచుమించు రెట్టింపు. నాలుగు టీములు వారానికి తలా రెండు గంటలు తీశాయనుకోండి, వారానికి 180 జీబీ. పదిహేను వారాల సెమిస్టర్‌కు 2,700 జీబీ. అంటే నాలుగు టీబీ డిస్కు ఒక సెమిస్టర్‌కు సరిపోతుంది, రెండో సెమిస్టర్ సగంలో నిండిపోతుంది. కొనుగోలు కమిటీ కెమెరాకు సంతకం పెడుతుంది, డిస్కు దగ్గరికి వచ్చేసరికి ‘‘ఇదెందుకు, పెన్‌డ్రైవ్ ఉంది కదా’’ అంటుంది. అప్పుడేమవుతుంది? కార్డు నిండగానే పాతది చెరిపేస్తారు. ఏడాది చివర యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల ముక్క మిగులుతుంది, గంటల తరబడి మాట్లాడిన ఆసామి గొంతు గాలిలో కలిసిపోతుంది.

దాచడంలో సూత్రం చిన్నదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంకో భవనంలో. అదీ కుదరకపోతే కనీసం రెండు డిస్కులు, ఒకటి ల్యాబ్‌లో, ఒకటి లైబ్రరీలో. ఫైలు పేరు తేదీతో మొదలు కావాలి, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఆ తర్వాత ఊరు, విషయం, నంబరు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలైన ఫైనల్’ అని పేర్లు పెట్టే ల్యాబ్‌లో ఏదీ దొరకదు. డిస్కుకు ఒక నోటుబుక్కు జత: ఎవరిని తీశాం, ఎక్కడ, ఏమన్నారు, ఏ నిమిషంలో మంచి మాట ఉంది, వాళ్లు ఏ షరతు పెట్టారు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులోని సంఘం రేడియో నుంచి నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇదే. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు స్టేషన్ భవనం, యంత్రాలు యునెస్కో సాయంతో 1998 నాటికే వచ్చాయి. లైసెన్సు మాత్రం రాలేదు. అప్పటికి మన దేశంలో చట్టం ఊరివాళ్లకు రేడియో ఇచ్చేది కాదు. 2002లో విద్యాసంస్థలకు తలుపు తెరిచారు, దాంతో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో 2004లో మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో గానీ తెరవలేదు. సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాల్లోకి వచ్చింది. మరి ఆ పదేళ్లూ ఏం చేశారు? రికార్డు చేస్తూనే ఉన్నారు. విత్తనాల గురించి, పాటలు, మందులు, పండుగలు. ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్‌లో పెట్టి వినిపించారు. ప్రసారం మొదలయ్యే రోజుకు వాళ్ల దగ్గర చెప్పడానికి సరుకు ఉంది, చేయి తిరిగిన మనుషులూ ఉన్నారు. మన ల్యాబులు దీన్ని తలకిందులు చేస్తాయి. ముందు ఛానెల్, లోగో, ప్రారంభోత్సవం. సరుకు సంగతి తర్వాత.

మనుషులు మారే కాలేజీల్లో ఏదీ నిలబడదన్న మాటా నిజం కాదు. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులు నడిపే ‘క్రిమ్సన్’ పత్రిక 1873లో మొదలైంది, ఇప్పటికీ విద్యార్థులే నడుపుతున్నారు. అక్కడ ఏ సంపాదకుడూ ఏళ్ల తరబడి కుర్చీలో ఉండడు. దిగిపోవడం ఎప్పుడో ముందే తెలుసు కాబట్టి అప్పగింత కూడా పనిలో భాగమే. మన దగ్గర అప్పగింత అంటే ఫేర్‌వెల్ పార్టీ. నా సూచన ఇది: ఆరో సెమిస్టర్ మొదలైన నాటి నుంచి ఫైనలియర్ వాళ్లు కెమెరా ముట్టుకోకూడదు. పక్కన నిలబడి చూడాలి, చెప్పాలి, అంతే. తీసేది రెండో ఏడాది వాళ్లు, వైర్లు చుట్టేది మొదటి ఏడాది వాళ్లు. తాళంచెవులు రెండు, ఒకటి లెక్చరర్ దగ్గర, ఒకటి విద్యార్థుల దగ్గర. ఇష్యూ రిజిస్టర్‌లో వస్తువు పేరు, తీసుకున్నవాళ్ల సంతకం, తెచ్చిన రోజు, చివర్లో ‘ఏం పాడైంది’ అని ఒక గడి. ఆ గడిలో నిజం రాసినవాడికి జరిమానా వేస్తే మర్నాటి నుంచి అందరూ ‘బాగుంది’ అనే రాస్తారు. అది కూడా చూశాను. జరిమానా లేకుండా, బ్యాటరీలు, కార్డులు, కేబుళ్ల కోసం ఏటా కొంత డబ్బు విడిగా పెట్టుకోవాలి. అరిగిపోయే వస్తువులు అరిగిపోతాయి.

హక్కుల సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం సినిమాకు, వీడియోకు కర్తగా నిర్మాతను చూస్తుంది. కాలేజీ కెమెరాతో విద్యార్థి తీసిన డాక్యుమెంటరీకి నిర్మాత ఎవరు? ఇది అవార్డు వచ్చాక తేల్చుకుంటే గొడవ, ల్యాబ్‌లో చేరిన రోజు ఒక పేజీ కాగితం మీద రాసుకుంటే పది నిమిషాల పని. రెండోది, పాట ఎవరిదో తెలియని జానపదమైనా పాడిన మనిషికి ప్రదర్శకుడి హక్కు ఉంటుంది. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుది సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట, కవి సినారె పుట్టిన ఊరూ అదే. అలాంటి నేల మీద కథకుడిని రాత్రంతా రికార్డు చేసి, పేరు కూడా వేయకుండా వాడుకోవడం చట్టమే కాదు, మర్యాద కూడా ఒప్పుకోదు. మూడోది, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అనుమతికి కేంద్రస్థానం ఇచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. బడి పిల్లలను తీసేటప్పుడు ఇది గుర్తుండాలి.

అయితే అనుమతి అంటే కాగితం మీద వేలిముద్ర కాదని నాకు అర్థమైంది కోరుట్లలో. ఒక శిక్షణ శిబిరంలో భాగంగా ముగ్గురు విద్యార్థులతో కలిసి ఒక ఇంటికి వెళ్లాం. అవ్వ వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తోంది. ఒళ్లో చేట, అందులో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. వేళ్లు చూడకుండానే నడుస్తున్నాయి. తీసుకోమంది. పిల్లలు కాలర్ మైకు పెట్టారు, షట్టర్ సరిచేశారు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. అన్నీ చెప్పినట్టే చేస్తున్నారని నేను లోలోపల మురిసిపోతున్నా. సగంలో అవ్వ అడిగింది:

‘‘గిది యాడ వస్తది బిడ్డా?’’

‘‘యూట్యూబ్‌ల వస్తదవ్వా.’’

‘‘దుబాయిల కనవడ్తదా?’’

‘‘ఎక్కడున్నా కనవడ్తది.’’

అవ్వ చేతులు ఆగాయి. చేటను ఒళ్లోంచి తీసి పక్కకు జరిపింది. ‘‘మా కొడుకు ఆడనే ఉన్నడు. బీడీలు బందువెట్టిన అని చెప్పిన వానికి. సూస్తే పానం గింజుకుంటడు. నా మొకం తియ్యకుండ్రి.’’

మొదట సరే అన్నది ఆమే, ఇప్పుడు వద్దన్నదీ ఆమే. రెండూ లెక్కే. కెమెరా పట్టుకున్న అమ్మాయి నా వైపు చూడకుండానే రికార్డింగ్ ఆపేసింది. అప్పటిదాకా తీసిన బొమ్మను అవ్వ ముందే చెరిపేసి, ‘‘మాట ఉంచుకోమంటవా అవ్వా?’’ అని అడిగింది. మాట ఉంచుకోమంది. ముప్పై ఏళ్లుగా ఆకు ఎట్లా మారింది, వెయ్యి బీడీలకు ఎంత వచ్చేది, ఇప్పుడెంత వస్తుంది, నడుం ఎప్పుడు నొప్పి మొదలైంది, అన్నీ చెప్పింది. ఆ గొంతు ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంది, ఎక్కడా వేయలేదు. నోటుబుక్కులో షరతుల గడిలో ఆ అమ్మాయి చేతిరాత: ‘‘ముఖం వద్దు. పేరు వద్దు. కొడుకు ఇంటికి వచ్చాక మళ్లీ అడగాలి.’’

ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయి వెళ్లింది. మొన్న ఆ నోటుబుక్కు చేతికి వస్తే తిరగేశాను. ఆ వరస కిందే వేరే సిరాతో, వేరే దస్తూరీతో, ఆమెను ఎన్నడూ చూడని జూనియర్ ఎవరో రాశారు: ‘‘పోయినం. తాళం ఏసి ఉంది. నాట్లకు పోయిందట. వచ్చే ఆదివారం మళ్లీ పోవాలె.’’